వల్కన్‌కు మన రంగులు వేసేవారు ముందు సంవత్సరం తేల్చుకోవాలి

సంపాదకులకు నమస్కారం.

ఒడిశా సరిహద్దు జిల్లాల పేజీలో మీరు బడి పిల్లల సైన్స్ ప్రదర్శనల ఫోటోలు వేస్తున్నారు. వాటిలో ఈమధ్య త్రికోణపు రెక్కల పెద్ద బాంబర్ నమూనా ఒకటి వచ్చింది. రెక్కల మీద మన వాయుసేన గుర్తులున్నాయి. ఫోటో కింద ‘భారత వాయుసేన వాడిన వల్కన్’ అని రాశారు. నమూనా చేతిపని బాగుంది, కానీ ఆ రాత తప్పు. వల్కన్‌ను వాడిన దేశం బ్రిటన్ ఒక్కటే. ఏవ్రో సంస్థ తయారుచేసిన ఈ విమానం మొదటిసారి ఎగిరింది 1952 ఆగస్టు 30న. రాయల్ ఎయిర్‌ఫోర్స్‌లో 1956 నుంచి 1984 దాకా పనిచేసింది. మన దగ్గరున్న బాంబర్లు వేరు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక కాన్పూరులో పనికిరాకుండా చేసి వదిలేసి పోయిన లిబరేటర్ బాంబర్లను విమానాల కర్మాగారం హెచ్‌ఏఎల్ వాళ్లు బెంగళూరు చేర్చి బాగుచేస్తే, అవి 1968 వరకు ఎగిరాయి. 1957లో వచ్చిన కాన్‌బెర్రా జెట్ బాంబర్లు 2007 మే నెల వరకు ఉన్నాయి.

అలాగని వల్కన్‌కు మన గుర్తులు వేయడం తప్పని మేం అనడం లేదు. జరగనిదాన్ని జరిగినట్టు ఊహించి నమూనా కట్టడం ఈ కళలో ఒక పెద్ద శాఖ. ‘అబద్ధమాడినా అతికినట్టుండాలి’ అన్న మన సామెత దీనికి సరిగ్గా సరిపోతుంది. ఒకే ఒక్క ఊహ ఉండాలి. మిగతా ప్రతి మరా, ప్రతి రంగూ ఆ ఊహ నుంచి లెక్కప్రకారం రావాలి. పెట్టెలో వచ్చిన బ్రిటిష్ విమానాన్ని ఉన్నదున్నట్టు కట్టి, చివర్లో త్రివర్ణ గుర్తు అంటిస్తే అది ఊహ అనిపించుకోదు. ఇక్కడ సునాబెడలో మిగ్ ఇంజిన్ల కర్మాగారం ఉంది. జయపురం, కొరాపుట్, రాయగడ పిల్లల్లో చాలామందికి జెట్ ఇంజిన్ అన్నది ఇంట్లో వినే మాటే. కాబట్టి ఈ పని కొంచెం వివరంగా రాస్తే వాళ్లకు పనికొస్తుందని ఈ ఉత్తరం.

మొదట తేల్చుకోవలసింది సంవత్సరం. కాన్‌బెర్రాల బదులు 1957లోనే వల్కన్ కొన్నామని ఊహిస్తే, అప్పటికి ఉన్నది బి.1 రకం మాత్రమే. బజారులో దొరికే 1/72 (అసలులో 72వ వంతు) కిట్లు ఎక్కువగా బి.2వి. రెండింటికీ రెక్క ముందు అంచు వంపు వేరు, తోక కొన వేరు. బి.2ను కోసి బి.1గా మార్చాలంటే నెలల పని, అందుకని కొత్తవాళ్లు దాని జోలికి పోవద్దు. బి.2 రాయల్ ఎయిర్‌ఫోర్స్‌కు చేరింది 1960లో. మనం 1963లో కొన్నామనుకుంటే కిట్టు దాదాపు ఉన్నదున్నట్టు సరిపోతుంది. ఆగ్రాలో కాన్‌బెర్రాలు నడిపిన 5వ స్క్వాడ్రన్‌కు ఇచ్చారనుకోవచ్చు.

ఆ సంవత్సరం పెట్టుకోగానే పెట్టెలోని కొన్ని భాగాలు పక్కకు పోతాయి. ముక్కు మీద ముందుకు పొడుచుకొచ్చే గొట్టం గాలిలో ఇంధనం నింపుకోవడానికి. మన వాయుసేనకు ఇంధనం నింపే విమానాలు, అంటే ఇల్యూషిన్-78లు, 2003లో గానీ రాలేదు. 1963 విమానానికి ఆ గొట్టంతో పనిలేదు. అది కూర్చునే రంధ్రాన్ని పూడ్చి నునుపు చేయాలి. దాని కింద బొటనవేలి కొనలా ఉండే చిన్న ఉబ్బు రాడార్‌ది. నేలకు దగ్గరగా ఎగరడం కోసం 1960ల రెండో సగంలో పెట్టారు, అదీ తీసేయాలి. బ్లూ స్టీల్ క్షిపణి అణ్వాయుధం. మన మొదటి అణుపరీక్ష 1974 మే 18న జరిగింది కనుక, పొట్ట కింద ఆ క్షిపణి వేలాడుతూ ఉంటే ఊహ అక్కడే విరిగిపోతుంది. బాంబుల అర తెరిచి చూపించాలనుకుంటే 1,000 పౌండ్ల మామూలు బాంబులు 21 పెట్టాలి, ఏడేసి చొప్పున మూడు గుత్తులుగా. అర మూసేస్తే పని సగం తగ్గుతుంది, చూపుకు లోటేమీ రాదు.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది తెల్లరంగు దగ్గర. తొలినాళ్ల వల్కన్లు తళతళలాడే తెలుపులో ఉండేవి. అణుబాంబు పేలినప్పుడు వచ్చే వేడి వెలుగును తిప్పికొట్టడానికి వేసిన పూత అది. గుర్తులను కూడా ఆ కారణంగానే వెలిసిపోయినంత లేతగా రాసేవారు. అణుబాంబు లేని వాయుసేన ఆ తెలుపు ఎందుకు వేస్తుంది? మన వాయుసేన ఆ కాలంలో ఏం వేసేదో చూడాలంటే హంటర్ యుద్ధవిమానాలను చూడాలి. పైన ముదురు ఆకుపచ్చ, ముదురు సముద్ర బూడిద రంగుల మచ్చలు, కింద వెండి రంగు. ఈ రెండు పై రంగులకు హంబ్రోల్ కంపెనీ నమూనా రంగుల్లో నంబర్లు 163, 164. బ్రిటిష్ వల్కన్‌కు 1964 తర్వాత వేసిన పై బూడిద ఇంతకంటే లేతది, దాని నంబరు 165. పెట్టెలోని కాగితం ఆ 165నే చూపిస్తుంది. మన హంటర్లలా కనిపించాలంటే 164 వాడాలి. డబ్బాలో ఉన్న రంగు చిన్న నమూనా మీద అసలుకన్నా ముదురుగా కనిపిస్తుంది కాబట్టి పదో వంతు లేత బూడిద కలిపితే కళ్లకు సరిగ్గా ఆనుతుంది.

ఇక కట్టడం. అసలు విమానం రెక్కల చివర నుంచి చివరకు 33.83 మీటర్లు, 1/72లో 47 సెంటీమీటర్లు. ఇంత పెద్ద ప్లాస్టిక్ రేకులు పార్శిల్లో ఎండదెబ్బకు కొద్దిగా వంగి వస్తుంటాయి. అతికించేముందు అద్దం మీద పరిచి చూడాలి. వంగి ఉంటే వెడల్పాటి పళ్లెంలో చేయి పెట్టలేనంత వేడి నీళ్లు (60 డిగ్రీలు దాటక్కర్లేదు) పోసి, రేకును రెండు నిమిషాలు ముంచి, చదును చేసి, అదే ఆకారంలో పట్టుకుని చన్నీళ్లలో పెట్టాలి. మరిగే నీళ్లు పోస్తే రేకు ముడుచుకుపోతుంది, మళ్లీ సరికాదు.

తర్వాత బరువు సంగతి. మూడు చక్రాల విమానం ఏదైనా తోక మీద కూర్చునే ప్రమాదం ఉంది. జిగురు పెట్టకముందే పెద్ద భాగాలన్నీ మాస్కింగ్ టేపుతో కట్టి, వెనక చక్రాలు వచ్చే చోట రెండు పెన్సిళ్ల మీద నిలపాలి. ముక్కు పైకి లేస్తే లోపల బరువు కావాలి. ముక్కు మీద చిన్న సంచీ పెట్టి అందులో కొద్దికొద్దిగా బరువు వేస్తూ, అది దిగిన చోట ఆగి, మరో పది గ్రాములు కలిపితే చాలు. చేపల వలకు కట్టే సీసం గుళ్లు ఇందుకు బాగుంటాయి. వాటిని రెండు ట్యూబుల్లోంచి తీసి కలిపి వాడే ఎపాక్సీ జిగురుతోనే అతికించాలి. వడ్రంగులు వాడే తెల్ల జిగురు పెడితే, అందులోంచి వచ్చే ఆమ్లం మూసిన ముక్కులో సీసాన్ని తినేసి తెల్లపొడిగా మారుస్తుంది. ఆ పొడి సీసం కన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది. రెండు మూడేళ్లకు ముక్కు అతుకు దానంతటదే పగులుతుంది. సీసం ముట్టుకున్న చేతులు తిండికి ముందు సబ్బుతో కడగాలని పిల్లలకు తప్పకుండా చెప్పాలి.

వల్కన్‌లో అసలు కష్టం గాలి పీల్చే గొట్టాలు. రెక్క మొదట్లో అటొకటి ఇటొకటి వెడల్పాటి నోళ్లుంటాయి. లోపల ఒక్కోటి రెండుగా చీలి రెండేసి ఇంజిన్లకు వెళుతుంది. పై సగం, కింది సగం కలిసే అతుకు నోట్లోంచి సూటిగా కనిపిస్తుంది, కానీ వేలు దూరదు. ఇందుకో ఉపాయం ఉంది. గొట్టాన్ని విమానంలో పెట్టకముందే కట్టి, వెనక నోరు టేపుతో మూసి, పాలంత పలచగా చేసిన రంగును లోపల పోసి, అటూ ఇటూ వంచి, తిరిగి డబ్బాలోకి ఒంపేయాలి. ఒక్కరోజు ఆరనిచ్చి మళ్లీ పోయాలి. నాలుగు పూతలకు అతుకు గీత పూడిపోతుంది. చిక్కటి రంగు పోస్తే అడుగున మడుగు కట్టి ముడతలు పడుతుంది. ఊహా విమానం కింద భాగం వెండి రంగే కనుక గొట్టం లోపల కూడా అదే పోయొచ్చు.

వెనకవైపు నాలుగు పొగ గొట్టాల్లో కూడా రకాలున్నాయి. వల్కన్ బి.2కు పెట్టిన ఒలింపస్ 201 ఇంజిన్‌కు ఒక రకం, 301కి దానికన్నా పొట్టిగా, వెడల్పుగా మరో రకం. ఒకే విమానానికి నాలుగూ ఒకే రకం ఉండాలి. ఈ ఒలింపస్ వంశంలోని ఇంజినే తర్వాత ధ్వనికన్నా వేగంగా ఎగిరే ప్రయాణికుల విమానం కాంకార్డ్‌ను నడిపింది. సునాబెడ పిల్లలకు ఆ మాట చెబితే గొట్టాలను మరింత శ్రద్ధగా చేస్తారు.

కాక్‌పిట్ మీద రోజులు ఖర్చుపెట్టొద్దు. అయిదుగురు సిబ్బందిలో పైలట్లిద్దరికే పైకి ఎగిరిపడే సీట్లుండేవి. వాటిని సరిగ్గా పెట్టి లోపలంతా నల్లగా వేస్తే సరిపోతుంది. ఆ చిన్న అద్దాల్లోంచి ఇంకేమీ కనబడదు.

రెక్క, శరీరం కలిసే అతుకుల దగ్గర ప్లాస్టిక్ జిగురు రెండు వైపులా రాసి, ఒత్తినప్పుడు సన్నటి పూసలా బయటికి ఉబికేలా చేయాలి. ఆ జిగురు ప్లాస్టిక్‌ను కరిగించి కలుపుతుంది. ఆ పూస గట్టిపడటానికి ఒకరోజు కాదు, మూడు రోజులు ఆగాలి. తొందరపడి రుద్దితే ఆ రోజు నునుపుగానే కనిపిస్తుంది. రంగు వేసిన నెలకు లోపలి ద్రావకం ఆరి, అతుకు వెంట సన్నటి గాడి తిరిగి తేలుతుంది. మిగిలిన సందులకు లప్పం కావాలంటే, క్షణంలో అతుక్కునే జిగురులో ముఖానికి రాసుకునే పౌడర్ కలిపి అగ్గిపుల్లతో పెట్టొచ్చు. అది గంటలోపే రుద్దేయాలి. రాత్రంతా వదిలేస్తే ప్లాస్టిక్ కన్నా గట్టిపడి, రుద్దేకొద్దీ పక్కనున్న ప్లాస్టిక్ అరిగి లప్పం దిమ్మలా మిగులుతుంది. వాటర్ పేపర్ 400తో మొదలుపెట్టి 600, 1000, చివరికి 2000 వరకు తడిపి రుద్దాలి. తడి ఉంటే దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోదు. వెండి రంగు పడే చోట 2000 మానకూడదు. వెంట్రుకంత గీత కూడా వెండి కింద కాలువలా కనిపిస్తుంది.

రంగు వేయడానికి మన ప్రాంతంలో కాలం చూసుకోవాలి. కొరాపుట్ కొండల మీద జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలిలో తడి పోదు. లాకర్ (థిన్నర్‌తో కలిపి వాడే, త్వరగా ఆరే) రంగు చల్లినప్పుడు థిన్నర్ వేగంగా ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, ఆ చల్లదనానికి గాలిలోని నీరు రంగు మీద పడుతుంది, రంగు పాలిపోతుంది. వానాకాలంలో తలుపులకు పాలిష్ వేస్తే తెల్లబారడం మన వడ్రంగులకు కొత్త కాదు. ఇదీ అదే. గోడకు తగిలించే తేమ కొలిచే మీటరు 70 శాతం దాటి చూపిస్తే ఆ రోజు లాకర్ ముట్టుకోకూడదు. తప్పదంటే మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు లోపల, ఆలస్యంగా ఆరే థిన్నర్‌తో, పలుచటి పూతలుగా వేయాలి. పాలిపోయిన చోట ఎండ వచ్చిన రోజున ఒట్టి థిన్నర్ సన్నగా చల్లితే చాలావరకు తేరుకుంటుంది. డిసెంబరు, జనవరి పొగమంచులో ఇబ్బంది వేరు. స్ప్రే డబ్బాలో ఒత్తిడి తగ్గి రంగు ఇసుకలా పడుతుంది. డబ్బాను గోరువెచ్చటి నీళ్లలో పది నిమిషాలు ఉంచితే చాలు. పొయ్యి దగ్గర పెట్టకూడదు, పేలుతుంది. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే థిన్నర్ ఆవిరి ఆగదు, దానికి బొగ్గు ఫిల్టరున్న మాస్కు కావాలి. కిటికీలు తెరిచి ఉండాలి.

వరుస ఇలా ఉంటే బాగుంటుంది. ముందు కింద వెండి రంగు. రెండు రోజులు ఆగి దాన్ని టేపుతో కప్పాలి. టేపును నేరుగా వేయకుండా ముందు అరచేతికి రెండుమూడుసార్లు అంటించి పట్టు తగ్గించాలి. లేకపోతే తీసేటప్పుడు వెండిని కూడా లాక్కొస్తుంది. తర్వాత పైనంతా బూడిద, దాని మీద ఆకుపచ్చ మచ్చలు. మచ్చల గీత మరీ కత్తితో కోసినట్టు ఉండకూడదనుకుంటే, అట్టముక్క అంచు కింద మెత్తటి బంకముద్ద తాడులా పేని పెట్టి, అట్టను రెండు మిల్లీమీటర్లు ఎత్తి చల్లాలి. అంతకంటే ఎత్తితే అంచు పొగలా చెదిరిపోయి, విమానం మీద మేఘం ముసిరినట్టుంటుంది.

గుర్తుల దగ్గర తప్పులు ఎక్కువ, అందుకే ఇక్కడ కాస్త నిలబడాలి. మన వాయుసేన గుండ్రటి గుర్తులో బయట కాషాయం, మధ్య తెలుపు, లోపల ఆకుపచ్చ. ఇందులో అశోక చక్రం లేదు. స్వాతంత్ర్యం తర్వాత కొద్దికాలం చక్రాన్ని పోలిన గుర్తు వాడారు. 1950 నుంచి ఇప్పుడున్న త్రివర్ణ వలయం వచ్చింది. తోక మీది మూడు నిలువు పట్టీల్లో కూడా చక్రం ఉండదు. జాతీయ జెండా స్టిక్కర్ కత్తిరించి తోకకు అంటించడం పిల్లలు తరచూ చేసే తప్పు, మాస్టార్లు అదొక్కటి చూస్తే చాలు. పరిమాణం ఊహించి వేయకూడదు. నిజంలో 54 అంగుళాల గుర్తు అనుకుంటే 1,372 మిల్లీమీటర్లు, దాన్ని 72తో భాగిస్తే 19 మిల్లీమీటర్లు. 8 అంగుళాల అక్షరం 2.8 మిల్లీమీటర్లవుతుంది. వలయాల వెడల్పు నిష్పత్తిని ఎదురుగా తీసిన హంటర్ లేదా కాన్‌బెర్రా ఫోటో మీద స్కేలు పెట్టి కొలుచుకోవాలి.

కంప్యూటర్లో గీసి డెకాల్ కాగితం (నీళ్లలో నానబెట్టి బొమ్మను జార్చి అంటించేది) మీద అచ్చు వేద్దామనుకునేవారికి ఒక హెచ్చరిక. మామూలు ప్రింటర్లలో తెల్ల సిరా ఉండదు. పారదర్శక కాగితం మీద వేసిన కాషాయం ముదురు ఆకుపచ్చ రంగు మీద పడగానే మట్టిరంగుకు తిరుగుతుంది, తెలుపు వలయం అసలు కనిపించదు. ఇంక్‌జెట్ అచ్చయితే నీళ్లలో వేయకముందే వార్నిష్ పూత పడాలి, లేకపోతే సిరా కరిగిపోతుంది. ఇంత తంటా కన్నా రంగుతో వేయడమే మేలు. జామెట్రీ పెట్టెలోని కంపాస్‌కు పెన్సిల్ తీసి బ్లేడు ముక్క బిగించి, టేపు మీద మూడు వలయాలు కోయాలి. 19 మిల్లీమీటర్ల రంధ్రమున్న టేపును విమానం మీద వేసి ముందు తెలుపు చల్లాలి. ఆరాక మధ్య వలయాన్నీ లోపలి బిళ్లనూ కప్పి కాషాయం. అది ఆరాక బయటి వలయం కప్పి, లోపలి బిళ్ల ఒక్కటి తీసి ఆకుపచ్చ. తెలుపు మీద పడిన కాషాయమే కాషాయంలా వెలుగుతుంది.

విమానం నంబరు విషయంలో మా మనవి ఒకటుంది. మన కాన్‌బెర్రా బాంబర్లలో చాలావాటికి ‘ఐఎఫ్’తో మొదలయ్యే నంబర్లుండేవి. ఊహా వల్కన్ మీద వాటిలో ఒకదాన్ని దించేయడం సులువు, కానీ ఆ పని చేయొద్దు. 1961లో గోవా దబోలిం రన్‌వే మీదికీ, 1965లో పాకిస్తాన్‌లోని బదీన్ రాడార్ మీదికీ వెళ్లింది ఆ విమానాలే. 1965, 1971 యుద్ధాల్లో కొన్ని తిరిగిరాలేదు, వాటిలో ఉన్నవాళ్లలో కొందరూ తిరిగిరాలేదు. నిజంగా ఎవరో నడిపిన నంబరును జరగని కథకు పెట్టడం మాకు సమ్మతం కాదు. ఎవరూ వాడని అక్షరాలు, అంకెలు ఎంచుకోవాలి.

కిట్టు కొనలేని బడులకు కూడా వల్కన్ అనువైనదే. త్రికోణపు రెక్క కాబట్టి పొరలు పొరలుగా అట్టతో గానీ థర్మోకోల్‌తో గానీ కట్టొచ్చు. థర్మోకోల్ కూడా కిట్టు ప్లాస్టిక్ జాతిదే. అందుకే ప్లాస్టిక్ జిగురు, స్ప్రే డబ్బా రంగు దానికి తగిలితే గుంతలు పడి కరిగిపోతుంది. దానికి తెల్ల జిగురు, నీళ్లలో కలిసే రంగులే వాడాలి. ముందు పలుచటి కాగితం తెల్ల జిగురుతో అంటించి కప్పితే గుళ్ల ఆనవాళ్లు పోయి నునుపుగా వస్తుంది. అట్టతో 1/72 మరీ పెద్దదనుకుంటే సగానికి, అంటే 1/144కు కట్టండి. అప్పుడు రెక్కల వెడల్పు 23.5 సెంటీమీటర్లే.

ప్రదర్శనకు తీసుకెళ్లేటప్పుడు నమూనాను రెక్కల మీద ఆనించి పెట్టెలో పెట్టొద్దు. ఘాట్ రోడ్డు కుదుపులకు రెక్క మొదట్లో అతుకు తెగుతుంది. పొట్ట కింద స్పాంజి పెట్టి, చక్రాలు గాల్లో ఉండేలా బిగించాలి.

నమూనా పక్కన ఒక పలక ఉండాలి. మన ఊళ్లలో చూసేవాళ్లు తెలుగు, ఒడియా రెండూ చదువుతారు కనుక రెండు లిపుల్లోనూ రాయాలి. సంపాదకులను కోరేది కూడా ఇదే. ఇలాంటి ఫోటో మళ్లీ వచ్చినప్పుడు కింద ఈ మాటలు వేయండి: ‘ఊహా నమూనా. బ్రిటన్ వల్కన్ బి.2 బాంబర్‌ను 1963లో భారత్ కొని ఉంటే ఇలా ఉండేదని విద్యార్థి కట్టినది. నిజానికి భారత వాయుసేనలో వల్కన్ లేదు.’

ఇట్లు,
సునాబెడ, జయపురం ప్రాంతాల విమాన నమూనా తయారీదారులు,
కొరాపుట్ జిల్లా, ఒడిశా.